రెండో వరస చెరకు

తుఫాను గాలులని టీవీలో చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. మేడ మీద తొట్లలో మా అమ్మాయి కీర్తి పెంచుతున్న చెరకు పడిపోతే దాని పరిశోధన, పట్టా, రేపటి ఉద్యోగం అన్నీ పోయినట్టే అనిపించింది.

మొదటి వరస గడలు గట్టివే. రెండో వరసవే సన్నం, నొక్కితే మెత్తగా ఉంటాయి. ఎందుకో కీర్తి చాలాసార్లు చెప్పింది. ఆకులో తయారైన చక్కెరనంతా మొక్క తీపిగా దాచుకోదట. కొంత మార్చుకుని, దాంతో లోపలి కణాలకి గోడలు కట్టుకుంటుందట. ఆ మార్చే పని చేయించే జన్యువు రెండో వరసకి పుట్టుకతోనే మందకొడి. ఆ మాట వినగానే నా మనసు వాటి మీదికే పోయింది. కీర్తి నెలలు నిండకుండా పుట్టిన పిల్ల మరి.

అది అనకాపల్లి వెళ్లిన పూట, మా పొలంలో చేసినట్టే, పక్కపక్క గడల ఆకులు కలిపి అల్లి అన్నిటికీ జడచుట్టు వేసేశాను. సాయంత్రం వచ్చి చూసి నెత్తి పట్టుకుంది.

“ఏటమ్మా ఇది! ఎవలు సెప్పేరు నీకు?”

“గాలికి పడిపోవా మరి? ఆ సన్నపువి సూత్తే భయమేసింది.”

“పడాలమ్మా! గాలికి ఏది ఎంత వొంగుతాదో కొలవడానికే పెంచేను. ఇలాటి గాలి మళ్లీ ఎప్పుడొస్తాదో!”

“నీ చదువు నేనే పాడు సేసేనేటే?”

“గాలింకా రాలేదు గదా. రా, విప్పేద్దాం. ఏడిసేవంటే కిందకి తోలేస్తాను.”

మొదటి వరస చకచకా విప్పేశాను గానీ రెండోదాని దగ్గర నా వేళ్లు ఆడలేదు. కీర్తి తొందరపెట్టలేదు. పక్కనే కూర్చుని, ఆఖరి ముడి దాకా నా చేతనే విప్పించింది.

చీకటి పడకముందే గాలి అందుకుంది. మొదటి వరస ఊగి నిలబడింది. రెండో వరస ఒక్కొక్కటే వంగి పిట్టగోడ మీద వాలిపోయింది. “అయ్యో, నా తల్లీ” అన్నాను. కీర్తి మాత్రం వానలో తడుస్తూ, కోణం కొలిచే బద్ద పట్టుకుని ఒక్కో గడ దగ్గరా మోకాళ్ల మీద కూర్చుంటోంది.

“సూడమ్మా, నేననుకున్నట్టే వొంగేయి!”

దాని ముఖం వెలిగిపోతోంది.

“కొలిసేక నిలబెట్టి కట్టొచ్చా?”

“కట్టుకో. అప్పుడు నీయిష్టం.”

“ఎంతసేపే ఇంకా? జొరమొస్తాది.”

“నువ్వు గొడుగు సరిగ్గా పట్టుకుంటే తొందరగానే అయిపోద్ది.”

గొడుగు అప్పటికే గాలికి వెనక్కి తిరిగిపోయింది. అయినా దాని తల మీద పట్టుకునే ఉన్నాను.