వాల్మే లండన్ ప్రయాణం

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పత్రికా సంపాదకుడు ఎతియెన్ వాల్మే లండన్ వెళ్ళి, అక్కడి స్వేచ్ఛను కళ్ళారా చూసిన తరువాతే రాజరికాన్ని ఖండిస్తూ తన ప్రసిద్ధ వ్యాసం రాశాడని సిడ్నీ శివారు గిరావీన్‌లోని తెలుగువారందరూ నమ్మేవారు. అందుకు ఆధారం మా సంఘాధ్యక్షుడు ద్వారకానాథ్ ఎప్పుడో విమానంలో తిరగేసిన ఒక రంగుల పత్రిక.

అది 1999. ఒక బీమా సంస్థ కంప్యూటర్లలో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా సరిదిద్దడం ద్వారకానాథ్ ఉద్యోగం. సరిదిద్దిన ప్రోగ్రామును రాహుకాలం దాటితే గాని నడిపేవారు కాదు. విదేశవాసం మనిషి బుద్ధిని వికసింపజేస్తుందని మాత్రం ప్రతి సభలోనూ ఉపన్యసించేవారు. "ఆనాడు వాల్మే లండన్ వెళ్ళాడు, ఈనాడు మనం సిడ్నీ వచ్చాం" అనగానే చప్పట్లు మోగేవి. అనంతరం, వికసించిన ఆ బుద్ధిమంతులందరూ భోజనాల బల్లల దగ్గర ఏ కులానికి ఆ కులంగా సర్దుకునేవారు.

ఆ వాల్మే మీదే శ్యామసుందరి ఐదేళ్ళుగా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. నవంబరు సభలో ఆమె ప్రసంగం పెట్టారు. తన పనేమిటో తెలుగులో, తనవాళ్ళకు చెప్పుకునే అవకాశం రావడం అదే మొదటిసారి. సభకు పది నిమిషాల ముందు, హాలు వెనక వంటగదిలో, ద్వారకానాథ్ ఆమె కాగితాలు చదివారు.

"ఈ సెకండ్ పేజీ తీసేయమ్మా. నేనిన్నాళ్ళూ చెప్పినదానికి టోటల్ ఆపోజిట్‌గా ఉంది."

"డేట్స్ అలా ఉన్నాయి అంకుల్."

"టూ హండ్రెడ్ ఇయర్స్ కిందటి డేట్లు ఎవడు చెక్ చేస్తాడు?"

"మీ ఆఫీసువాళ్ళు మిమ్మల్ని పెట్టుకున్నది డేట్స్ చెక్ చేయడానికే కదా అంకుల్."

నా పక్కన సమోసాలు సర్దుతున్న శేషుకుమారి గారు నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగారు. ద్వారకానాథ్ గొంతు మారింది.

"ఆ పేజీ ఉంటే నీకు స్లాట్ ఉండదు. యువర్ ఛాయిస్."

శ్యామసుందరి రెండో పేజీ తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, తృప్తిగా వేదికెక్కి, వాల్మేనీ సిడ్నీనీ యథాప్రకారం కలిపి ఆమెను పరిచయం చేశారు. చప్పట్లు ఆగేదాకా ఆమె మైకు ముందు ఆగింది. కాగితాలు బల్లమీద బోర్లించింది.

"వాల్మే ఆ వ్యాసం అచ్చువేసింది 1771 మార్చిలో. ఆయన మొట్టమొదటిసారి దేశం దాటింది 1773 మేలో. అదీ ఆ వ్యాసం రాసినందుకు జైల్లో వేస్తారని తెలిసి."