నడుము నొప్పి సాక్ష్యం

ఎనిమిది నెలలు మా సంఘమంతా నా నడుము కోసం ప్రార్థన చేసింది. ప్రతి ఆదివారం పాస్టరుగారు "మన టైలరమ్మ నడుము" అని విడిగా చెప్పి మరీ అడిగేవారు. ఇరవై ఏళ్ళు మిషను మీద వంగి కుట్టిన నడుము అది, అంత తేలిగ్గా లొంగుతుందా? పాటకు లేస్తే కూర్చోలేను, మోకరిస్తే లేవలేను. మా ఆయన ఒక చెయ్యి, మా ఆడపడుచు ఒక చెయ్యి పట్టుకుని లేపుతుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఇప్పుడు నొప్పి పోయింది. ఆ మాట తెలిసి పాస్టరుగారు సంతోషంగా ఇంటికొచ్చారు.

"వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా. దేవుడు మన ప్రార్థన విన్నాడని అందరికీ తెలియాలి."

"అలాగేనండి," అన్నాను. ఆయన వెళ్ళాక మా ఆయన నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

ఎందుకంటే మూడు నెలలుగా, కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని ఆడపడుచుకు చెప్పి, వారానికి రెండు సాయంత్రాలు యోగా క్లాసుకు వెళ్తున్నాను. ఆస్పత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి పంపింది. సంగతి తెలిసింది మా ఆయనకొక్కడికే. యోగా విశ్వాసులకు తగదని పాస్టరుగారు నిరుడు గంటసేపు చెప్పారు. ఒళ్ళు వంగితే మనసూ వంగుతుందట, ఎవరి ముందు వంగుతున్నామో చూసుకోవాలట. ఆయన చెడ్డవాడు కాదు, నన్ను తన కారులో ఆస్పత్రికి తిప్పిన మనిషి. అందుకే ఆ మాటను కొట్టిపారేయలేను.

క్లాసులో చేరిన రోజు నుంచీ నాకు అంతా గందరగోళమే. టీచరు మనసు ఖాళీ చేసుకోమనేది. ఖాళీ చేస్తే ఏం దూరుతుందోనని భయపడి నేను లోపల్లోపల "యేసయ్యా, యేసయ్యా" అనుకునేదాన్ని. "పెదాలు ఆడిస్తున్నారు, ఊపిరి తీసుకోవడం మర్చిపోతున్నారు" అని ఆమె నవ్వేది. చివర్లో అందరూ కళ్ళు మూసుకుని నమస్కారం పెడుతుంటే నేను చాప చుట్టడంలో మునిగిపోయేదాన్ని. అంత శ్రద్ధగా చాప చుట్టే మనిషిని ఆమె ఎక్కడా చూసి ఉండదు.

ఒక రోజు మాత్రం వెల్లకిలా పడుకున్నప్పుడు, ఏ మాటా అనుకోకుండా ఉండిపోయాను. ఎంత హాయిగా ఉందంటే ఏడుపొచ్చింది. ఆ హాయి ఎవరిచ్చారు? దేవుడే అయితే, మనల్ని వెళ్ళొద్దన్న చోటికి ఆయనెందుకు వచ్చాడు? ఆయన కాకపోతే, అచ్చం ఆయనిచ్చినట్టే ఎందుకుంది? ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగాను.

"నన్నడిగితే నాకేం తెలుసే. నొప్పి తగ్గిందిగా, ఊరుకో," అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. లేచి నిలబడితే అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. "మీ ప్రార్థనల వల్ల దేవుడు నన్ను బాగుచేశాడు," అన్నాను. అబద్ధం కాదు. అలాగని మొత్తం నిజమూ కాదు. మోకరించి, ఎవరి సాయమూ లేకుండా లేచి చూపించాను. చప్పట్లు మోగిపోయాయి.

ఆరాధన అయ్యాక లాండ్రీ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. నలభై ఏళ్ళు బట్టలు ఇస్త్రీ చేసీ చేసీ ఆమె వీపు బిగుసుకుపోయింది.

"దాచకుండా చెప్పు తల్లీ. నా వీపు కోసం పదేళ్ళుగా ప్రార్థన చేస్తున్నారు. నీ విషయంలో దేవుడు ఎనిమిది నెలల్లోనే విన్నాడు. నేనేం పాపం చేశానో తెలీడం లేదు. చిన్నప్పటి నుంచీ చేసినవన్నీ గుర్తుచేసుకుని ఒక్కోదానికీ క్షమాపణ అడుగుతున్నాను. ఇంకా ఏదో మిగిలిపోయినట్టుంది."

నా మీద నాకే అసహ్యం వేసింది. నేను మింగేసిన సగం నిజం ఈ ముసలి ప్రాణానికి పాపమై చుట్టుకుంది.

"నువ్వేం పాపం చేయలేదు పెద్దమ్మా. నేను యోగాకి వెళ్ళాను."

ఆమె నా చెయ్యి వదిలేసింది. "అయితే తగ్గించింది దేవుడు కాదా?"

"తెలీదు. ఆయనే అనిపిస్తుంది. గుండె మీద చెయ్యి వేసుకుని మాత్రం చెప్పలేను."

పెద్దమ్మ బెంచీ మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. అది చూసి పాస్టరుగారు గబగబా వచ్చారు. ఈసారి నేను నీళ్ళు నమల్లేదు. క్లాసు సంగతి, పెద్దమ్మ అడిగింది, అన్నీ చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది, నన్ను ఏదో అనబోయారు. అంతలో పెద్దమ్మ వైపు చూసి ఆగిపోయారు. ఆమె పక్కన కూర్చున్నారు.

"నీ పాపం వల్లే తగ్గలేదని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు అయ్యగారూ," అంది పెద్దమ్మ. "కాదని కూడా ఎవరూ చెప్పలేదు."