రెండో వరుసలో సుందరి

పక్కింటి రూప, తన కూతురు రిషిత సినిమా తీస్తోందని, సాయం చేసేవాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం కావాలని అడిగితే, బాలత్రిపురసుందరి పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. దాన్ని కారులో పెట్టుకుని యజ్ఞనారాయణగారే డ్రైవ్ చేసి భార్యను సరస్సు ఒడ్డునున్న బ్లఫర్స్ పార్కు బీచికి తీసుకెళ్ళారు.

కెనడాలోని స్కార్‌బరోలో పుట్టి పెరిగిన పిల్ల రిషిత. అమ్మ చూసే పాత తెలుగు సినిమాలంటే దానికి వెర్రి. అందులోనూ సముద్రపు ఒడ్డు పాటలంటే మరీను. బెల్‌బాటమ్ వేసుకున్న హీరో, వైరు లేని గిటారు, వెనకాల రంగుల బంతులతో గెంతే అమ్మాయిలు, బీచిని కొనేసి హోటల్ కట్టాలని చూసే విలన్. వీటన్నిటినీ ప్రేమగా వెక్కిరిస్తూ 'ఇసుకలో ఇస్పేట్ రాణి' అని ఒక కామెడీ సినిమా మొదలుపెట్టింది. నటులంతా కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు.

మే నెల అయినా సరస్సు మీదనుంచి వచ్చే గాలి ఎముకలు కొరుకుతోంది. చుక్కల గౌన్లు వేసుకున్న అమ్మాయిలు 'కట్' అనగానే పరుగెత్తి జాకెట్లలో దూరుతున్నారు. బాతులు గుంపుగా వచ్చి హీరో వెనకాల నిలబడుతున్నాయి.

"గైస్, ఇది లేక్ కాదు, బంగాళాఖాతం! చలి లేదు! స్మైల్ చేయండి!" అని అరుస్తోంది రిషిత.

వాళ్ళకి అడుగులు పడటం లేదు. ఇసుకలో కాలెత్తిన ప్రతిసారీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. సుందరి కాసేపు చూసింది. చేతిసంచీ భర్త చేతికిచ్చి, బూట్లు విప్పింది.

"అట్లా కాదమ్మా. కాలెత్తకూడదు, మడమ ఈడ్చాలి. నడుం ముందు తిరగాలి, మొహం ఆఖరున రావాలి. ఇదిగో, చూడండి."

పాట పెట్టారు. అరవై దాటిన ఆ మనిషి ఇసుక మీద జారుతున్నట్టు కదిలింది. చెయ్యి గాల్లోకి వెళ్ళి వేళ్ళ చివర ఒక్క క్షణం ఆగింది. కళ్ళు ఎడమకి తిరిగి, కొంటెగా కుడికి వచ్చాయి. పిల్లలు చప్పట్లు మరిచిపోయి నోళ్ళు తెరుచుకున్నారు.

యజ్ఞనారాయణగారు మాత్రం చేతిసంచీ పట్టుకుని అటూ ఇటూ చూశారు, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని.

ఆయనకు ఆమె ఆట కొత్తేమీ కాదు. విశాఖ పోర్టులో చిన్న ఇంజనీరుగా ఉన్న రోజుల్లో భీమిలిలో షూటింగు జరుగుతోందంటే స్నేహితులతో వెళ్ళారు. మద్రాసు నుంచి వచ్చిన డాన్సర్లలో, రెండో వరుసలో సుందరి నవ్వు చూశారు. ఇంట్లో అందరినీ ఎదిరించి పెళ్ళి చేసుకున్నారు. అంత తెగువ చూపిన మనిషి, పెళ్ళయ్యాక ఒక్క మాట కోరారు: "ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దు సుందరీ. మా వాళ్ళ నోళ్ళు మంచివి కావు." ఆమె సరేనంది. కెనడా వచ్చారు, ఆ నోళ్ళన్నీ ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆయన కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవాలన్న సంగతే ఆయనకు తట్టలేదు.

"ఆంటీ, ఓ మై గాడ్! ఎక్కడ నేర్చుకున్నారు?" అంది రిషిత.

సుందరి నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "టీవీలో చూసిందమ్మా."

"క్లైమాక్స్‌లో ఒకప్పటి బీచ్ రాణి వచ్చి అందరితో డాన్స్ చేయాలి. ఆ రోల్‌కి ఎవరూ దొరకలేదు. ప్లీజ్ ఆంటీ, చేయండి!"

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులు," అన్నారాయన. "ఇప్పుడు ఫోన్లో ఏమైనా తీసుంటే చెరిపెయ్యమ్మా. నలుగురిలోకీ వెళ్తే బాగుండదు, పేరు కూడా చెప్పొద్దు."

సుందరి భర్తను ఒక్కసారి చూసింది. "అవునమ్మా, మోకాళ్ళు," అని కూర్చుని, కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని బూట్లు వేసుకుంది.

ఆకులు రాలే కాలంలో స్కార్‌బరోలోనే ఒక హాలు అద్దెకు తీసుకుని సినిమా వేశారు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. విలన్ పడవలో కూర్చుని హోటల్ ప్లాను కాగితాలు విప్పడం, బాతులు హీరోను తరమడం, అన్నీ పేలాయి. క్లైమాక్సులో తెల్ల విగ్గు పెట్టుకున్న ఇరవయ్యేళ్ళ అమ్మాయి ముసలి బీచ్ రాణిగా వచ్చింది. మడమ ఈడ్చింది. వేళ్ళ చివర ఆగింది. కళ్ళు ఎడమకి తిప్పి కుడికి తెచ్చింది. హాలంతా ఈలలు. సుందరి అందరికంటే ఎక్కువ నవ్వింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. యజ్ఞనారాయణగారికి నవ్వు రాలేదు. ఆ విగ్గు కింద ఉండాల్సిన మొహం తన పక్క కుర్చీలో ఉంది.

సినిమా అయ్యాక రిషిత మైకు పట్టుకుంది. "మాకు స్టెప్స్ నేర్పించిన ఒక ఆంటీ ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు. ఆంటీ, మీకు ఓకే అయితే ఒక్కసారి నిలబడతారా?"

జనం తలలు తిప్పి వెతికారు. సుందరి భర్త వైపు చూసింది. 'లే' అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఏళ్ళ తరబడి దాచిన అలవాటు దాన్ని వెనక్కి లాగింది. తేరుకుని, "లే సుందరీ, లేచి నిలబడు," అనేసరికి రిషిత ఎవరూ లేవడం లేదని చూసి, కెమెరా కుర్రాణ్ణి స్టేజి మీదికి పిలిచేసింది. చప్పట్లు అటు వెళ్ళిపోయాయి.

"అయిపోయిందిగా, ఇంకెందుకులెండి," అంది సుందరి.

ఆ వారమంతా ఆయనకు అన్నం సహించలేదు. ఆదివారం పొద్దున్నే రూప ఇంటి తలుపు తట్టారు. హాల్లో సూట్‌కేసులు బార్లా తెరిచి ఉన్నాయి.

"రిషితా, నీ తర్వాతి సినిమాలో మీ ఆంటీ చేస్తుందమ్మా. నేనే తీసుకొస్తాను."

రిషిత మొహం చిన్నబోయింది. "అంకుల్, నాకు వాంకూవర్‌లో జాబ్ వచ్చింది. నెక్స్ట్ వీక్ మూవ్ అవుతున్నా. మళ్ళీ సినిమా అంటే... ఐ డోంట్ నో."

"పోనీ, ఆ రోజు బీచిలో తీసిన వీడియో?"

"మీరే చెరిపెయ్యమన్నారు కదా అంకుల్. అప్పుడే డిలీట్ చేశా. సారీ."

"నువ్వెందుకమ్మా సారీ," అని ఆయన మెట్లు దిగారు.

ఇంటికొచ్చేసరికి సుందరి వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, జరిగింది చెప్పారు. దాచకుండా చెప్పారు. "తప్పు చేశాను సుందరీ. నేను చూసి మురిసినదాన్ని ఇంకెవరూ చూడకుండా చేశాను."

ఆమె కత్తి ఆపలేదు. "కోపం ఉండేదండీ. చాలా ఏళ్ళు ఉండేది. మీరు ఆఫీసుకు వెళ్ళాక తలుపులేసుకుని ఆడేదాన్ని. తర్వాత అదీ మానేశాను."

ఆ సంగతి ఆయనకు తెలియదు.

"ఆ భీమిలి పాట సినిమాలో ఎలా ఉంటుంది?" అని అడిగారు. విడుదలైనప్పుడు ఆమెను వెళ్ళనివ్వలేదు, తనూ వెళ్ళలేదు.

"నేను మాత్రం చూశానా?" అంది సుందరి. "ఇప్పుడా ప్రింటు ఎక్కడుందో, ఉందో లేదో."

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, తనే మళ్ళీ అంది: "నా పక్కన మీనాక్షి అని ఒక పిల్ల ఉండేది. అలలంటే చచ్చేంత భయం దానికి. నీళ్ళు కాళ్ళకు తగిలితే చాలు, అడుగు మరిచిపోయేది. మాస్టారు తిట్టకుండా దాని చెయ్యి నేను గట్టిగా పట్టుకునేదాన్ని."

"తర్వాత?" అన్నారు యజ్ఞనారాయణగారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పేరు వినడం అదే మొదటిసారి.