సున్నం బెల్లం కింద గడ్డ

నారాయణపేటలో మా గల్లీ పిల్లలకు మెడ వాస్తే ఎవరికీ దవాఖాన గుర్తుకురాదు. సున్నంలో బెల్లం కలిపి పట్టు వేస్తారు. మా అమ్మ కృష్ణమ్మ కూడా గవదబిళ్లలంటూ నా బిడ్డ బసమ్మకు అదే వేసింది. గడ్డ పెరిగినకొద్దీ పట్టు మీద పట్టు. ఎండి పెంకులా బిగిసింది. నాలుగేళ్ల పిల్ల, తల ఒక పక్కకే వాలిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆ పొద్దున నీళ్లు కూడా మింగలేక బయటికి వదిలేసింది. అప్పుడు మగ్గం దిగి, బిడ్డను ఎత్తుకుని నా భార్య అరుణమ్మతో దవాఖానకు బయలుదేరాను.

మహబూబ్‌నగర్ బస్సులో పక్క సీటువాడు అడగకుండానే తీర్పు చెప్పాడు.

"గండమాల గదనే అన్నా? మా ఊర్ల ఒక పోరికి గిట్లనే లేసింది. క్షయ. బతకలే."

"నీ నోట్ల మన్నువడ! జర మూస్కొని కూసో."

తిట్టానే కానీ బిడ్డను ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాను. నా తమ్ముడు ఆ క్షయతోనే నెత్తురు కక్కి పోయాడు, మా ఇంట్లోనే.

దవాఖానలో డాక్టరమ్మ పట్టు చూసి మండిపడింది. "గీ పెంకు కింద ఏమున్నదో నాకెట్ల తెలుస్తది? తోలు గూడ కాలబెట్టిర్రు."

తడిగుడ్డతో నానబెట్టి ఒలుస్తుంటే బసమ్మ మూలిగిందంతే. ఏడ్చే శక్తి కూడా లేదు. డాక్టరమ్మ నోట్లో చూసింది. జుట్టు పాయలు తీసి చూసింది. పేలు, గోకిన పుండ్లు.

"ఇంట్ల ఎవరికన్న క్షయ ఉండెనా?"

అరుణమ్మ చెప్పింది. "మా మరిది గట్లనే పోయిండమ్మా."

డాక్టరమ్మ రెండు వేళ్లతో గడ్డను మెల్లగా నొక్కింది. "క్షయ గడ్డ ఇంత జల్ది పెరగది, గిట్ల కాలది. తల పుండ్లకెల్లి దిగిన చీము లెక్కున్నది. సూది పెట్టి చూస్త. తల కదలనియ్యకు."

పట్టుకున్నాను. మెడలో సూది దిగింది. సిరంజిలోకి పచ్చటి చీము ఎక్కింది. జన్మలో చీము చూసి సంతోషపడింది అప్పుడే. అదెంతసేపు?

"కోసి తీయాలె. ఇంక లోపటికి దిగితే ఊపిరాడది."

"మెడ మీద కత్తా అమ్మా?"

"గడ్డ మెడకుంటే కాలు మీద కోస్తనా?"

కోశారు. కట్టు కట్టారు. సూదులు పొడుస్తూనే ఉన్నారు. జ్వరం దిగగానే అరుణమ్మ ఇంటికి పోదామంది. "మందులు నడుమల ఆపితే మల్ల గడ్డ లేస్తది" అని డాక్టరమ్మ కసిరింది. నేను కదల్లేదు. ఎవరి మాటా నమ్మక, బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను.

బసమ్మ కళ్లు తెరవకుండానే నా వేలు విసిరికొట్టింది.

"తియ్యే నాయినా, కితకితలైతున్నయ్."