చిన్న గాట్లు

కాలి బొటనవేలు పక్కకి ఒరిగిపోయి, దాని మొదట్లో ఎముక బుడిపెలా పొడుచుకొచ్చే బాధ ఆ ఇంటి కోడళ్ళిద్దరికీ వచ్చింది. అత్తగారు దానికీ కోడళ్ళనే తిట్టిపోసింది.

పెద్దకోడలికి కిందటేడు తెరిచి ఆపరేషన్ చేశారు. పాదం పక్కన జెర్రిలా కుట్లు. అవి చూసి అత్తగారు గుండెలు బాదుకుంది, ఆరు వారాలు ఆమెని కాలు కింద పెట్టనిస్తే ఒట్టు. కంచం, కాఫీ, అన్నీ మంచం దగ్గరికే. మోసిందెవరంటారా? ఇంకెవరు, చిన్నకోడలే.

ఈ ఏడు ఆమె వంతు వచ్చింది. డాక్టరమ్మ రెండు పద్ధతులూ విడమరిచి చెప్పింది. "తెరిచి చేస్తే మచ్చ పొడుగ్గా పడుతుంది. చిన్న గాట్లతో చేస్తే మచ్చ పెద్దగా కనపడదు, మొదట్లో నొప్పి కూడా కాస్త తక్కువ. కానీ లోపల ఎముక కోసి స్క్రూలు బిగించడం రెండింట్లోనూ ఉందమ్మా. అది అతుక్కునేదాకా ఎక్కువసేపు నిలబడకూడదు."

ఇంట్లో ఎవరికీ బరువు కాకూడదని ఆమె చిన్న గాట్లే కోరుకుంది. ఆ మంచితనమే ఆమె కొంప ముంచింది.

కట్టు విప్పిన రోజు ఇంటిల్లిపాదీ ఆమె పాదం చుట్టూ మూగారు.

"ఇంతేనా? దోమ కుట్టినట్టుంది!" అన్నాడు మొగుడు.

"నాకైతే నిజంగా కోశారు. నీదీ ఒక ఆపరేషనేనా చెల్లీ!" అంది తోటికోడలు.

"లోపల ఎముక ఇంకా అతకలేదక్కా."

"గోరంతని కొండంత చెయ్యకమ్మా," అంటూ అత్తగారు వంటింటి వైపు చూసింది.

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కి ఏం లాభం? మర్నాటి నుంచి పొద్దస్తమానం పొయ్యి దగ్గరే నిలబడింది. నోరు విప్పి చెప్పుకోవచ్చుగా అంటారేమో. రోజూ చెప్పింది. నొప్పి అన్నప్పుడల్లా ఆ నాలుగు చుక్కల్లాంటి మచ్చలు చూసి అందరూ నవ్వారు.

మూడు నెలలు తిరక్కుండానే వేలు మళ్ళీ ఒరిగింది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి తల పట్టుకుంది.

"స్క్రూ కదిలిపోయింది. నిలబడొద్దని చెప్పానా లేదా?"

పక్కనున్న మొగుడు గోడ కేసి చూశాడు.

"మళ్ళీ చెయ్యాలి. భయపడకు, ఈసారీ చిన్న గాట్లతోనే కానిచ్చేద్దాం," అంది డాక్టరమ్మ.

"వద్దండీ. తెరిచే చెయ్యండి."

"పెద్ద మచ్చ పడుతుందమ్మా."

"పడనివ్వండి," అంది ఆమె, మొగుడి వైపు చూడకుండా. "ఎంత పొడుగ్గా కొయ్యగలిగితే అంత పొడుగ్గా కొయ్యండి. మా ఇంట్లోవాళ్ళకి గుమ్మంలోంచే కనపడాలి."