సీలు అంచున గాటు

మరిది జీపు కింద వెల్లకిలా పడుకుని గేర్‌బాక్సు బోల్టులు విప్పుతుంటే, వదిన టార్చిలైటు పట్టుకుని పక్కనే గొంతుక్కూర్చుంది. ఇంజను వెనక నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు పోయి, కారిన నూనె క్లచ్ ప్లేటును తడిపేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను అరవడమే తప్ప బండి మెరక ఎక్కడం లేదు.

"నీ చేత్తో నువ్వే బాగుచెయ్యి. కొండ ఎక్కిస్తే బండి నీదే. పైన క్వారీలో పనిచేసుకుని అక్కడే గది తీసుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం" అన్నాడు అన్న. పెద్ద మనసేం కాదు. తమ్ముడికి చేతకాదని ఆయనకు గట్టి నమ్మకం. స్టూలేసుకుని వినోదం చూడొచ్చు కూడా.

"స్పానరు అలా పట్టుకుంటావేంట్రా, చెంచానా అది?"

మరిది గేర్‌బాక్సు దించాడు, క్లచ్ విప్పాడు, ఫ్లైవీల్ తీసి పాత సీలు ఊడబెరికాడు. ఒక్క బోల్టు కూడా పాడవలేదు. అది చూసి అన్న ముఖం మాడిపోయింది.

మరిది చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లగానే, అన్న కొత్త సీలు డబ్బా విప్పాడు. జేబులోంచి బ్లేడు తీసి, రబ్బరు లోపలి అంచు మీద వెంట్రుకంత గాటు పెట్టి మళ్లీ డబ్బాలో పెట్టేశాడు. తలెత్తితే ఎదురుగా భార్య.

"చూశావుగా, వెళ్లి చెప్పు" అన్నాడు నవ్వుతూ. "వాడు బండెక్కి పోతాడు. ఇక ఈ ఇంట్లో నువ్వూ నేనే."

ఆమెకు ఆ మాట అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన తిట్లలో సగం మరిది వాటాకు పోయేవి. ఆ సగమూ తన నెత్తినే పడితే బతకడం ఎలా? మరిది తిరిగొచ్చి, సీలుకు నూనె రాసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దాన్ని చోట్లో కూర్చోబెట్టాడు. ఆమె లైటు కదలకుండా పట్టుకుంది. నోరు మాత్రం విప్పలేదు.

కొత్త క్లచ్ ప్లేటు వేసి అన్నీ బిగించాక బండి బ్రహ్మాండంగా కదిలింది. మరిది వీధంతా తిప్పి, ఈల వేసుకుంటూ పెట్టె సర్దుకుని వెళ్లాడు. వారం తిరక్కుండా కొండ సగంలో క్లచ్ జారింది. ట్రాక్టరుకు తాడు కట్టించి ఇంటికి లాక్కొచ్చాడు.

"దొరగారు కొండ దిగొచ్చారా?" అన్నాడు అన్న.

మళ్లీ అన్నీ విప్పాక, మరిది సీలును అరచేతిలో పెట్టుకుని వదిన దగ్గరికొచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"వదినా, నువ్వు పక్కనే ఉన్నావుగా. ఈ గాటు నేనే పెట్టానా? ఎక్కించేటప్పుడు చెయ్యి జారిందా?"

"అప్పుడే అనుకున్నాను బాబూ. కంగారుగా తోసేశావు" అంది. "ఈ పనులు నీ వల్ల కావులే."

అతను నమ్మాడు. వదిన మాట ఎన్నడూ కాదన్నవాడు కాదు. తాళాలు తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టాడు.

ఆమెకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ప్రాణం కుదుటపడింది. లోపలికెళ్లి ముగ్గురికీ కంచాలు పెట్టింది.