కాలరమ్మ కట్టలు

పదిహేనేళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు తప్ప ఇంకోటి కుట్టని మనిషిని అసలు పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? కాలరమ్మ అన్నారు. ఆవిడకు ఆ పేరు మీద కోపం లేదు. కోపమంతా పోయిన నెల నాటి నాలుగు వందల కాలర్ల మీద. ఇంగ్లీషులో వచ్చిన ఆర్డరు కాగితాన్ని సూపర్‌వైజరు తప్పుగా చదివి కుట్టించాడు. కాలరమ్మ మూడు రోజులు నడుం పడిపోయేలా కూర్చుని వాటిని విప్పింది.

"చదువొచ్చినవాడు కుట్టమన్నాడు, చదువు రానిదాన్ని విప్పమన్నాడు" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పింది.

ఆ సూపర్‌వైజరు వేరేచోట పని చూసుకుని వెళ్లిపోయాడు. అతని కుర్చీ ఇంగ్లీషు పరీక్ష పాసైనవాళ్లకే అన్నారు. పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చేది మాస్టారు. షిఫ్టు అయ్యాక క్యాంటీన్లో పాఠం చెప్పే రిటైరైన పెద్దాయన. కాలరమ్మకు ఆ కుర్చీ కావాలి. అందులో దాపరికమేమీ లేదు. "నాకేం తక్కువ?" అని ఇంట్లో అత్తగారినే అడిగింది. "తక్కువేం లేదు, నోరే ఎక్కువ" అందావిడ.

ఆ నెలంతా ఫ్రేజుల పాఠం, అంటే వాక్యంలోని పదబంధాలు. మాస్టారు నిర్వచనాలు బోర్డు మీద రాయడం, వీళ్లు బట్టీ కొట్టడం. బొత్తాల సెక్షన్లో పనిచేసే తోడికోడలు బస్సులో కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పేది. కాలరమ్మకు మాత్రం రెండో లైను దాటితే నోరు పిడచగట్టుకుపోయేది.

అలాగని ఆవిడకు అర్థం కాలేదనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఫ్యాక్టరీలో చొక్కా చొక్కాగా పుట్టదు. కాలర్ ముక్కలు ఒక కట్ట, కఫ్ ముక్కలు ఒక కట్ట, జేబులు ఒక కట్ట. ప్రతి కట్టకూ అది ఏ పనికో చెప్పే చీటీ. కట్ట ఎక్కడికి వెళ్లినా మొత్తంగా వెళుతుంది, కానీ ఏ కట్టా దానంతటది చొక్కా కాదు. వాక్యంలో ఫ్రేజులూ ఇంతే కదా అనిపించింది ఆవిడకు. అప్పట్నుంచి ఇంగ్లీషు కాగితం చూస్తే భయం పోయింది.

ఆఖరి రోజు మాస్టారు జాబితా చదివారు. పన్నెండు పేర్లు. తోడికోడలిది మొదటిది. కాలరమ్మది లేదు.

"నా పేరేదండీ?"

"నిర్వచనాలకు నీకొచ్చింది సున్నా. ఏం చూసి పంపమంటావు?"

"ఒక్క వాక్యం ఇవ్వండి. అది చూసి పంపండి."

"కూర్చోమ్మా. అందరి టైమూ పాడు చెయ్యకు."

"పదిహేనేళ్ల నుంచి కూర్చునే ఉన్నానండీ. ఇవాళ కూర్చోను."

మాస్టారి ముఖం ఎర్రబడింది. ఈవిడ నోరు ఒక్కసారిగా మూయించాలనే పంతంతో కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాసిచ్చారు: ది ఓల్డ్ టైలర్ ఇన్ ద కార్నర్ ఈజ్ స్టిచింగ్ ఎ వెరీ లాంగ్ స్లీవ్.

కాలరమ్మ మెడలో వేలాడే కత్తెర తీసి కాగితాన్ని మూడు ముక్కలు చేసింది.

"మూలనున్న ముసలి టైలరు, ఇదంతా పేరు పని చేసే కట్ట. నౌన్ ఫ్రేజు. ఆ మూలన అన్న ముక్క దీని లోపలే ఉన్న చిన్న కట్ట, అది ప్రిపొజిషనల్ ఫ్రేజు. ఏ టైలరో అదే చెబుతోంది కాబట్టి విడదియ్యను. ఇదిగో, కుడుతున్నాడు అన్నది వెర్బ్ ఫ్రేజు. చాలా పొడుగు చొక్కా చెయ్యి మళ్లీ నౌన్ ఫ్రేజు. చాలా పొడుగు అన్నంతవరకు ఎడ్జెక్టివ్ ఫ్రేజు. తప్పుంటే చెప్పండి."

మాస్టారు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తప్పు లేదు.

"సరే, కరెక్టే. కానీ నిర్వచనం చెప్పలేకపోయావుగా? రూలు రూలే."

"మరి ఆ పన్నెండుమందికీ ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి. నిర్వచనం వచ్చినవాళ్లేగా?"

పన్నెండుమందీ బల్లల వైపు చూశారు. కాలరమ్మకు వాళ్ల మీద జాలేసింది, అన్నందుకు కాస్త సిగ్గు కూడా వేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు తోడికోడలు లేచింది.

"మాస్టారూ, నా పేరు కొట్టేసి అక్క పేరు రాయండి. నాకు మీరు రాసిచ్చింది అప్పజెప్పడమే వచ్చు. రేపు ఆర్డరు కాగితం నా చేతికిస్తే నేనూ నాలుగు వందలు తప్పు కుట్టిస్తాను."

"నువ్వు కూర్చోవే" అంది కాలరమ్మ. "నీ పేరు తీసేసి నా పేరు రాస్తే నాకొద్దు. ఇద్దరం వెళతాం. మాస్టారూ, మీ జాబితాలో లేకపోయినా ఆదివారం పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడతాను. ఎందుకు పంపలేదని పరీక్ష పెట్టేవాళ్లడిగితే ఈ ముక్కలే చూపిస్తాను."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి ఎదురుగా నిలబడి ఇలా అడిగినవాళ్లు లేరు. ఆయన జాబితా ఆవిడ వైపు జరిపి దాని మీద పెన్ను పెట్టారు.

"కింద రాసుకో" అన్నారు ముభావంగా.

కాలరమ్మ జాబితా అందుకుని, అందరికంటే పైన, తోడికోడలి పేరు మీద ఉన్న ఖాళీలో తన పేరు ఇంగ్లీషులో రాసింది.